గుడారం గుడ్డ జర్కిన్

పొద్దున్న ఆరు కూడా కాలేదు. కూతురు ఒక చేత్తో టీ తాగుతూ ఇంకో చేత్తో ఫోన్లో జర్కిన్లు చూస్తోంది. మూడు వారాలుగా ఇదే తంతు. ఇల్లు కొనేవాళ్ళు కూడా ఇన్ని చూడరేమో అనుకుంది తల్లి, స్టౌ దగ్గర నిలబడి.

"అమ్మా, ఇది చూడు. వాన ఆపుతుంది, చలిగాలి ఆపుతుంది, లోపలి చెమటని మాత్రం బయటికి పంపేస్తుందట. గాలాడే గుడ్డ."

"గాలి బయటికి పోయే దారుంటే నీళ్ళు లోపలికి రావా? ఆ కబుర్లు ఎవరికి చెప్తున్నావే, నాకా?"

ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. ముప్ఫై ఒక్కేళ్ళు గుడారాల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ తొక్కిన మనిషి. వీధిలో గుడారాలావిడ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. నిరుడు ఆ పని మానేసిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరూ ఆవిడ్ని ఒక్క గుండీ కుట్టిపెట్టమని అడగలేదు. మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది.

కూతురు ఆస్పత్రిలో నర్సు. ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. మొదటి బస్సు వచ్చేదే ఏడింటికి. అందుకే ముప్పావుగంట సైకిల్ తొక్కుకుంటూ పోతుంది, ఎముకలు కొరికే ఈ చలిలో, ఈ ముసురులో.

"నువ్వేం కొనక్కర్లేదు. నేను కుడతాను," అని ఆవిడ దుప్పటి తీసేసింది.

పెట్టె అడుగున దాచుకున్న గుడారం గుడ్డతో నాలుగు రోజుల్లో జర్కిన్ తయారైంది. పెరట్లో తీగ మీద వేలాడదీసి, లోపల న్యూస్‌పేపర్ పెట్టి, పైనుంచి రెండు బకెట్లు కుమ్మరించింది. పేపర్ మీద చుక్క పడితే ఒట్టు. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆవిడ భర్త అరుగు మీంచి చూసి, "బాగుంది. నాలుగు మేకులు కొడితే నలుగురం పడుకోవచ్చు," అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

మర్నాడు సాయంత్రం కూతురు వణుకుతూ ఇంటికొచ్చింది. "అమ్మా, లోపల తడిసిపోయాను. వీపంతా."

తన కుట్టు కారడమా! ఉన్నపళంగా ఆవిడ ప్రతి కుట్టు మీదా రెండో కుట్టు వేసి, పైన మైనం రుద్దింది.

రెండు రోజులకి, "ఇంకా ఎక్కువైందమ్మా," అంది కూతురు.

ఈసారి మెడకీ మణికట్లకీ ఎలాస్టిక్ వేసింది. "ఇప్పుడు చీమ కూడా దూరదు. వేసుకో."

"అది కాదమ్మా, చెమట..."

"ఈ చలిలో చెమటేమిటే? సాకులు చెప్పకు!"

ఆ తర్వాత ఫిర్యాదు రాలేదు. "చూశారా," అంది ఆవిడ భర్తతో, వారం రోజుల పాటు పూటకోసారి.

ఎనిమిదో రోజు కూతురు టిఫిన్ డబ్బా మరిచిపోయి బయల్దేరింది. డబ్బా పట్టుకుని ఆవిడ వీధి చివరిదాకా పరిగెత్తింది. మలుపులో, మూసి ఉన్న మందులషాపు అరుగు దగ్గర సైకిల్ ఆగి ఉంది. కూతురు గుడారం గుడ్డ జర్కిన్ విప్పి, మడిచి సంచిలో కుక్కి, అదే సంచిలోంచి ఒక నీలం జర్కిన్, ఆ రోజు ఫోన్లో చూపించినదే, తీసి తొడుక్కుని వెళ్ళిపోయింది. డబ్బా ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం కూతురు చెప్పులు విప్పేలోపే పట్టుకుంది. "నేను కుట్టింది నీకు నామోషీ అయిందా? ఆ మాట నా మొహానే చెప్పొచ్చుగా! వీధి మలుపులో దొంగవేషాలెందుకు?"

"మూడుసార్లు చెప్పాను! విన్నావా? చెప్పినప్పుడల్లా కుట్టు మీద కుట్టు! ఆస్పత్రికి చేరేసరికి చెమటతో ఒళ్ళంతా పిండొచ్చు. ఆ తడితోనే వణుక్కుంటూ పనిచేస్తే దగ్గు పట్టుకుంది. దగ్గేదానివి పసిపిల్లల వార్డులోకి రావద్దన్నారు తెలుసా? వారం నుంచి నన్ను రికార్డుల గదిలో కూర్చోబెట్టారు!"

"నా కుట్టు కారదు!"

"కారదమ్మా! అదే కదా నా గోల!"

ఆవిడ సంచిలోంచి తను కుట్టిన జర్కిన్ లాగి తొడుక్కుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి కూతురి సైకిలెక్కింది.

"ఏమే, మోకాళ్ళు జాగ్రత్త!" అని భర్త అరుస్తుండగానే సన్నటి జల్లులో వీధి దాటేసింది.

వంతెన దాకా వెళ్ళి వచ్చింది. అరగంట పట్టింది. రొప్పుతూ జర్కిన్ విప్పితే రవికె ఒంటికి అతుక్కుపోయి ఉంది. జర్కిన్ తిరగేసి, దీపం కింద పెట్టి, కుట్టు కుట్టూ వేలితో తడిమింది. ఎక్కడా నీళ్ళు దూరిన జాడ లేదు. కుట్టే లేనిచోట, గుడ్డ మధ్యన కూడా చెమట బొట్లుబొట్లుగా నిలిచి ఉంది. విప్పిన నిమిషానికే చలి ఎముకల్లోకి దిగింది.

ఆవిడ నేల మీద చతికిలబడింది.

"ఏమైందమ్మా?" కూతురు తువ్వాలు తెచ్చి కప్పింది.

"లోపల కారుతోందని గుడారాలు తిరిగొచ్చేవే. సూపర్‌వైజరు అందరి ముందూ నన్ను నిలబెట్టి తిట్టేవాడు. సిగ్గుతో చచ్చిపోయి, విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. అవి కారలేదే! లోపల పడుకున్నవాళ్ళ ఊపిరే చెమ్మయి మీద పడింది. ముప్ఫై ఒక్కేళ్ళు ఊరికే తిట్లు తిన్నాను." ఆవిడకి ఏడుపు ఆగలేదు. "వాడు నన్నన్నట్టే నేను నిన్నన్నాను. నీళ్ళు రాకుండా చూశాను గానీ లోపల మనిషి ఉందని చూడలేదే తల్లీ."

కూతురు తల్లి భుజం మీద తల పెట్టింది. పెడుతూనే దగ్గింది. ఆ దగ్గు ఆవిడ వీపుకి తగిలింది.

కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుని, "ఏదీ, ఆ నీలంది ఇటు తే," అంది. చంకల కింద గాలాడే జిప్పులు తీసి చూసింది, వేసి చూసింది. లోపలి కుట్ల మీద నీళ్ళు దూరకుండా అంటించిన పట్టీల వెంట వేలు నడిపింది. ఎడమ భుజం దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ పట్టీ లేస్తోంది. గట్టి వానొస్తే ఇక్కడే కారుతుంది."

కూతురు వంగి చూసింది. నిజమే. "నువ్వు బాగుచేయగలవా అమ్మా?"

ఆ ప్రశ్న కోసం ఆవిడ ఏడాదిగా చూస్తోంది. మిషన్ వైపు వెళ్ళబోయి, ఆగి, ఇస్త్రీపెట్టె తీసింది. "దీనికి సూది పెట్టకూడదు, చిల్లి పడుతుంది. పైన గుడ్డ వేసి వేడి చూపిస్తే చాలు, పట్టీ మళ్ళీ అతుక్కుంటుంది."

"మరి గుడారం?" అన్నాడు భర్త, గుమ్మంలోంచి.

"సైకిల్ సీటుకి తొడుగు కుడతాను. దానికి చెమట పట్టదుగా," అంది ఆవిడ, తలెత్తకుండా. "ఏమే, ఇంకెక్కడైనా ఇబ్బందిగా ఉంటే ఇప్పుడే చెప్పు."

"చెప్తే మళ్ళీ కుట్టేయవుగా?"

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూతురికి ఎదురుగా కూర్చుంది.

"లేదు. చెప్పు, వింటాను."