నీళ్లెక్కని మేడగది

“ఈ గది తీసుకోవాకు,” అన్నాడు భరత్.

కిటికీ రెక్క తెరవబోతున్న ప్రేమలత గిర్రున తిరిగింది. గది చూపించడానికి మేడ మీదికి తీసుకొచ్చిన ఓనరు కొడుకు అనాల్సిన మాటేనా అది?

“ఏమి?”

“కొళాయి నీళ్లు పైకెక్కవు. కిందనుంచి బిందెలు మోసుకోవాల. ఎండాకాలం ఈ కప్పు పెనం మాదిరి కాలుతాది. వేరే మీటరు ల్యా, కరెంటుకు మా అమ్మ ఎంత సెప్తే అంత కట్టాల. యాడ ఇల్లు చూసినా ముందు ఇవి అడగాల. అడ్వాన్సు తర్వాత.”

ప్రేమలతకు ఒళ్లు మండింది. రోజూ గోనెగండ్ల నుంచి బస్సులో వచ్చి ఆదోనిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సోమవారం నుంచి తెల్లవారుజాము డ్యూటీ. ఆ వేళకు బస్సు లేదు. గది దొరక్కపోతే ఉద్యోగం పోయినట్టే. ఇప్పటికే ఎక్కిన ప్రతి గడపా ముందు ఇస్తామన్నదే. నాన్న పేరు పౌలు అని తెలియగానే ఒకరి కప్పు కారింది, ఇంకొకరికి బంధువులు ఊడిపడ్డారు. కులం మాటెత్తకుండా గెంటడం ఈ పెద్దమనుషులకు బాగా అలవాటు.

“మీ నాయనను షుగరు టెస్టుకని నెలనెలా మా ల్యాబుకు పిల్సుకోని వస్తాంటే మంచోడివనుకుంటి,” అంది. “ఇయ్యకపోతే ఇయ్యనని సీదా సెప్పు. కొళాయి కథలెందుకప్పా?”

“అయ్యో! నువ్వు మోసపోకూడదని నిజం సెప్పినా!”

“ఏందిరా గలాటా?” భరత్ తల్లి విశాలాక్షమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. “ఏం పాపా, మీరేమిట్లు?”

ప్రేమలత నాన్చలేదు. “ఎస్సీలం. చర్చికి పోతాం. ఆదివారం మాంసం వండుకుంటాం. ఇస్తారా, ల్యాదా?”

పత్తి వ్యాపారి ఇల్లాలైన విశాలాక్షమ్మ పెదవి బిగించింది.

“అమ్మా, ఈమె పోతే నేనూ పోతా.”

“యాడికి?”

“ఈమెకు ఇల్లు దొరికేదాకా తిరగనీకి.”

“ఈమె ఎవర్రా నీకు?”

“ఇంకా ఎవరూ కాదు.”

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. చెవులు మిరపపండ్లయ్యాయి. ప్రేమలత గబుక్కున కిటికీ వైపు తిరిగింది. కోపమా? కోపమైతే ఈ నవ్వెందుకు ఆగడం లేదు?

విశాలాక్షమ్మ కొడుకును చూసింది, ఆ పిల్లను చూసింది. “ఈమెను వెంటబెట్టుకోని ఊరంతా తిరుగుతావా? బజారులో నా మొగం యాడ పెట్టుకోవాల? దానికంటే ఈడనే ఉండనీ.” గొంతు కాస్త తగ్గించింది. “నా మొగం మీద ఇంత తెగేసి సెప్పినోళ్లను నేనూ చూళ్లేదులే.”

“నీళ్లెక్కవు కాబట్టి బాడిగ తగ్గించండి,” అంది ప్రేమలత వెంటనే. “వేరే మీటరు పెట్టియ్యండి. అడ్వాన్సుకు నా పేరున రసీదు కావాల.”

“ఇవన్నీ నేర్పింది నువ్వేనేంరా!” కొడుకు మీద అరిచి, రసీదు రాయడానికి కిందికి దిగిందామె.

మేడ మీద ఇద్దరే మిగిలారు.

“ఆ ‘ఇంకా’ ఏంది?”

“నోరు జారింది.”

“జారితే జారనీ,” అంది ప్రేమలత, కిటికీ రెక్కలు రెండూ బార్లా తీస్తూ. “ఎనక్కి మాత్రం తీసుకోవాకు.”