కొత్త డిస్క్‌కు పసుపు బొట్టు

“హమ్మయ్య, కాపీ అయిపోయింది!” సుమన కుర్చీలోంచి ఎగిరి లేచింది.

చెల్లెలు హారతి కూడా ఎగిరింది. ఎందుకో సరిగా తెలియదు. అక్క ఎగిరింది కాబట్టి తనూ ఎగిరింది. పదేళ్ల పిల్లకు అంతకంటే కారణం ఏం కావాలి!

సూరత్‌లోని పర్వత్ పాటియాలో వాళ్లది ఒక్క గది ఇల్లు. మూలన ఉన్న కంప్యూటర్‌కు విడిగా డబ్బా అంటూ లేదు. అన్నీ ఆ తెర వెనకే. పాతది కదా, మహా బద్ధకం దానికి. సుమన దాని మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. ఒక్క పువ్వుకు రంగు వేయమంటే అది ఆవులించి, ఒళ్లు విరుచుకుని, అప్పుడు వేస్తుంది.

ఇవాళ సాయంత్రంలోగా సలాబత్‌పురాలో చీరల వ్యాపారం చేసే శేఠ్‌కు నెమలి అంచు పంపాలి. సుమనకు సొంతంగా దొరికిన మొదటి పని అది. ఆలస్యమైతే శేఠ్ ఇంకొకరి డిజైన్ తీసుకుంటానన్నాడు. నెమలికేమో ఇంకా సగం రంగులు మిగిలే ఉన్నాయి. అందుకే సుమన రాంప్రసాద్ కంప్యూటర్ దుకాణంలో కొత్త డిస్క్ కొన్నది. దాన్ని బయటి నుంచి వైరుతో తగిలించి, పాత డిస్క్‌లో ఉన్నదంతా అందులోకి కాపీ చేసింది. ఇక పాతది తీసి కొత్తది బిగించడమే.

“బిగియ్యక ముందుకే గీ కాపీ ఎందుకు బిడ్డా?” అని నాన్న నర్సింగం అడిగాడు. ఆయన మిల్లులో మగ్గాలు నడుపుతాడు.

“మగ్గం మీద కొత్త బీము ఎక్కిచ్చేటప్పుడు నువ్వేం చేస్తవ్ బాపూ? పాత పోగులకు కొత్త పోగులు ముడేసినంకనే కదా నేసేది. గిది గూడ గంతే.”

“ఓహో! అయితే నాకు గూడ కంప్యూటర్ పని వచ్చినట్టే!” నర్సింగం మీసం తిప్పుకుంటూ చాయ్ తేవడానికి గల్లీలోకి వెళ్లాడు.

హారతి మాత్రం ఆ ‘కొత్త బీము’ మాట దగ్గరే ఆగిపోయింది. నూలు చుట్టిన ఆ పెద్ద దుంగ మగ్గం మీదికి ఎక్కగానే నాన్న ఏం చేస్తాడో తనకూ తెలుసు. పసుపు, కుంకుమ పెడతాడు. కొబ్బరికాయ కొడతాడు. ఆ తర్వాతే మగ్గం ఆడుతుంది. మరి కొత్త డిస్క్‌కు బొట్టేదీ? పాపం, అక్క మరిచిపోయినట్టుంది.

సుమన కరెంటు వైరు తీసేసి, నేల మీద దుప్పటి పరిచి, కంప్యూటర్‌ను బోర్లా పడుకోబెట్టింది. వెనక మూత స్క్రూలు విప్పి ఒక గిన్నెలో వేసింది. పాత డిస్క్ బయటికి తీసింది. లోపల ఉన్న దుమ్మంతా చేతులకు అంటుకుంది. కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లింది.

ఇదే సందు అనుకుంది హారతి. దేవుడి గూట్లోంచి తడి పసుపు గిన్నె తెచ్చింది. డిస్క్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. దీని ముఖం ఎటువైపు? ఒక చివర బంగారు రంగులో సన్నటి పళ్లు మెరుస్తున్నాయి. పళ్లున్న వైపే కదా ముఖం! వేలితో ముద్దుగా పసుపు పూసింది.

“మంచిగ పనిచెయ్యాలె. మా అక్కను పరేషాన్ చెయ్యొద్దు,” అని దండం కూడా పెట్టింది.

ఇంతలో అడుగుల చప్పుడైంది. హారతికి ఎందుకో భయం వేసింది. గౌను అంచుతో గబగబా తుడిచేసింది. పైపైన ఉన్నది పోయింది. సందుల్లో ఉండిపోయిన పసుపు ఆ బంగారు రంగులో కలిసిపోయింది.

సుమన డిస్క్ బిగించింది. కంప్యూటర్‌ను లేపి నిలబెట్టి బటన్ నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్క్ కనబడటం లేదట!

తీసి, ఊది, మళ్లీ పెట్టింది. మళ్లీ అవే అక్షరాలు.

“ఇప్పటిదాంక మంచిగనే ఉండె కదా!” సుమన కళ్లలో నీళ్లు తిరిగాయి. “పాతది పెడితే రంగులు అయితయా? శేఠ్‌కు ఏం చెప్పాలె?”

హారతి అక్క ముఖం వంక చూసింది. చెప్పేద్దామా? అయినా పసుపు ఏం చేస్తుంది, అది దేవుడిది కదా! అలా తనకు తనే సర్దిచెప్పుకుంది. మరకైన గౌను అంచును మాత్రం పిడికిట్లో దాచుకుంది.

సుమన రాంప్రసాద్‌కు ఫోన్ చేసింది. “ఏందన్నా, గిట్ల ఖరాబ్ మాల్ ఇస్తవా? నిన్ను నమ్మి కొన్న కదా!”

కాసేపటికే రాంప్రసాద్ స్కూటర్ మీద వచ్చేశాడు. తింటున్న అన్నం మధ్యలోనే వదిలేసి వచ్చాడట. చొక్కా చెమటతో తడిసిపోయింది. సంచిలోంచి ఇంకో డిస్క్ తీశాడు.

“తప్పు నాదే చెల్లె. సరిగ చూసి ఇయ్యలే గావచ్చు. గిది పెట్టుకో.”

“దీన్లకు మళ్ల కాపీ అయ్యేసరికి రాత్రయితది. నా పని పోయినట్టే అన్నా.”

రాంప్రసాద్ తల దించుకున్నాడు. హారతి ఆ ముఖం చూసింది. పాపం, ఆయన ఏ తప్పూ చేయలేదు. ఇక ఆగలేకపోయింది.

“అన్న తప్పు కాదు! నేనే... పసుపు పెట్టిన.” పిడికిలి విప్పి గౌను చూపించింది. “బాపు బీముకు పెడ్తడు కదా. అట్లనే దాని పళ్లకు పెట్టిన.”

సుమన చెల్లెలి వైపు గిరుక్కున తిరిగింది.

“ముందుగాలనే చెప్పకపోతివేందే?”

“నువ్వు ఏడుస్తుంటే బుగులైంది అక్కా.” అప్పటికే హారతి కూడా ఏడుస్తోంది.

రాంప్రసాద్ డిస్క్‌ను ఊడదీసి వెలుతురులో పెట్టి చూశాడు. ఫక్కున నవ్వాడు. “అరే వాహ్! డిస్క్‌కు పసుపు రాసినోళ్లను ఇయ్యాలనే చూస్తున్న! బేటా, నీ దగ్గర రబ్బరున్నదా?”

హారతి స్కూలు బ్యాగులోంచి మామిడిపండు వాసన వచ్చే రబ్బరు తీసింది. క్లాసులో ఎవరు అడిగినా ఇవ్వని రబ్బరు అది. రాంప్రసాద్ చూపించినట్టు ఒక్కో పన్ను మీద మెల్లగా రుద్దింది. రబ్బరు అంచు పచ్చబడింది. తర్వాత ఆయన స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు.

సుమన మళ్లీ బిగించింది. బటన్ నొక్కింది. ముగ్గురూ తెర మీదికి వంగారు.

రెప్పపాటులో తెర వెలిగింది. నెమలి డిజైన్ తెరిస్తే ‘ఆగు’ అన్నట్టు తిరిగే ఆ చక్రం తిరగనే లేదు, టక్కున వచ్చేసింది!

“నోరు జారిన అన్నా, మాఫ్ చెయ్యి,” అంది సుమన.

“చాల్సే, చాల్సే!” పర్వాలేదని గుజరాతీలో అనేసి, గల్లీలో కబుర్లు ముగించుకుని అప్పుడే వచ్చిన నర్సింగం చేతిలోంచి చాయ్ అందుకున్నాడు రాంప్రసాద్. సుమన చెల్లెలి ముక్కు పట్టి గట్టిగా ఊపి, దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత కుర్చీలోంచి కదలలేదు. చీకటి పడకముందే నెమలి శేఠ్‌కు చేరింది. బాగుందని శేఠ్ జవాబు కూడా పంపాడు!

ఇక మిగిలింది వెనక మూత. దుకాణం మూసి ఇంటికి వెళ్తూ రాంప్రసాద్ కూడా మళ్లీ చూడటానికి వచ్చాడు. ఒక్కో స్క్రూ బిగిస్తూ చివరిదాని కోసం గిన్నెలో చెయ్యి పెట్టింది సుమన. గిన్నె ఖాళీ.

“అన్నా, నీ జేబుల గిట్ల పడ్డదా?”

రాంప్రసాద్ జేబులు తడుముకోబోయాడు.

“అన్నను అడగకు అక్కా!” మంచం కింద నుంచి గొంతు వినబడింది. “గిన్నె తన్నింది నేనే. వెతుకుతున్న... ఇగో, దొరికింది!”

జుట్టు నిండా దుమ్ముతో హారతి బయటికొచ్చి స్క్రూ అక్క చేతిలో పెట్టింది. మూత బిగించేదాకా పక్కనే బుద్ధిగా కూర్చుంది. అప్పుడు లేచి, దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. దాని మూత తీయకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“అక్కా, బొట్టు యాడ పెట్టాలె?”