నలభై ఒకటో ఇంటి ప్రత్యక్షం

పదిన్నరకల్లా ముప్పై ఎనిమిదో ఇల్లు సమ్మతించింది.

అరుగు మీది గొంతుపెట్టె చివరి మాట పూర్తిచేసేదాకా వకుళ చెవిపలకను దానివైపు చాచి నిలబడింది. నడివయసు మగవాడి గొంతు. చుట్ట అలవాటు తెలిసిపోయే బొంగురు. "నీళ్లొస్తే మంచిదే గదా. మాకేం అడ్డం ల్యా. సమ్మతం." వెనకే ఒక చిన్న దగ్గు. దగ్గుకు పలకలో గడి లేదు గనుక ఆమె దాన్ని రాయలేదు. 'విన్నాను' అన్నచోట వేలు ఆనించి తర్వాతి ఇంటికి నడిచింది.

మొలకలదిన్నెలో అరవైనాలుగు ఇళ్లున్నాయి. అన్నింట్లోనూ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎక్కడో ఒక మిక్సీ అర నిమిషం ఖాళీగా గిరగిరమని ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ వేళకు పచ్చడి నూరుకునే అలవాటు ఉండేది కాబోలు. ముప్పై తొమ్మిదో ఇంటి పంపు మొదలై, నీరు రాని గొట్టంలో కాసేపు గాలిని లాగి, తనంతట తానే ఆగింది. వీధి మట్టిలో మేకల గిట్టల జాడలూ వకుళ చెప్పుల గుర్తులూ తప్ప మరేమీ లేవు.

ఈ ప్రాంతానికి కరెంటు ఇచ్చే సమాఖ్య మూడు మాటలు ఇచ్చింది: ఏ ఇంటికీ వెలుగు ఆపదు, ఏ కొండనూ పొగతో నల్లబరచదు, ఏ ఊరినీ అడగకుండా కదిలించదు. మూడింటినీ అక్షరాలా నిలబెట్టుకుంటూ వచ్చింది. అందులో అబద్ధం లేదు. గొంతుపెట్టెలు కూడా మొదట జనం సౌకర్యం కోసమే వచ్చాయి. మోటారుకు కరెంటు రెండింటికి కావాలా, నాలుగింటికా అని అడిగితే ఇంటివాళ్లు పొలంలో ఉండేవారు. పెట్టె ఆ ఇంటి వాడకాన్నీ మాటతీరునూ నేర్చుకుని, వాళ్లు ఏమనేవారో అదే చెప్పేది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గానే చెప్పేది. తరువాత బోర్లు ఎండిపోయాయి, జనం పట్టణాలకు వెళ్లిపోయారు. మొదటి మాట ప్రకారం ఇళ్లకు వెలుగు ఆగలేదు. నేర్చుకున్న రోజునే ఇళ్లు రోజూ జీవిస్తూ వచ్చాయి.

ఇప్పుడు ఈ లోయ కావాలి. పగలు గుట్ట మీది సౌర పలకలు పట్టిన ఎండతో నీటిని పై చెరువుకు ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీయాలంటే కింద ఒక జలాశయం ఉండాలి. వానాకాలానికి మొలకలదిన్నె నీటి అడుగున ఉంటుంది. మూడో మాట ప్రకారం ఊరిని అడగాలి. అడిగినప్పుడు ఒక్క మనిషి చెవైనా వినాలని నియమం. ఆ చెవి వకుళది. తొమ్మిదేళ్లలో రెండువందల పదకొండు ఊళ్లను ఆమె విన్నది. పెట్టె వెనక ఎవరైనా ఉన్నారా అన్నదానికి చెవిపలకలో గడి లేదు. ఆ ప్రశ్న తనను తాను వేసుకోవలసిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

నలభై ఇళ్లు పూర్తయ్యాయి. నలభై ఒకటో ఇంటి అరుగు మీద, గొంతుపెట్టె పక్కన, ఒక ముసలామె కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

వకుళ ఆగిపోయింది.

"నిలబడిపోతివేం పాపా? దయ్యాన్ని సూసినట్ల సూస్తాండావు," అంది ఆమె గింజను వీధిలోకి విసిరి. "దయ్యం ఆ పెట్టెలో ఉండాది. నేను మనిషినే."

అంతలో పెట్టె వంతు వచ్చింది. నిదానమైన ముసలి గొంతు: "సమాఖ్య మనకు చెడు చెయ్యదు. సమ్మతం."

"ఇంటివా పాపా, ఆయప్ప మాట! బతికుండంగా ఉప్పు తేవల్లన్నా నన్నడిగి పోయేటోడు. సచ్చి ఎనిమిదేండ్లయినంక పెత్తనం నేర్సినాడు."

ఆమె పేరు మద్దిలేటమ్మ. పెట్టెలో ఉన్నది ఆమె భర్త సుంకన్న గొంతు. కనెక్షను ఆయన పేరిటే ఉంది. ఊరంతా కదిలినప్పుడు ఆమె కూడా వెళ్లి, పట్టణంలో రెండేళ్లుండి, ఇమడలేక తిరిగి వచ్చింది. ఆరేళ్లుగా ఊళ్లో ఉన్నది ఆమె ఒక్కతే. పదకొండు మేకలు, ఇంటివెనక ఇంకా ఎండని బావి. కట్టెల పొయ్యి మీద వండుకుంటుంది. ఫ్యాను ఆపితే నిమిషంలో మళ్లీ తిరుగుతుంది. ఇంటికి తెలిసిన రోజు సుంకన్నది; దానితో కలవని ఆమె కదలికలన్నిటినీ సమాఖ్య లెక్క రొదగా తీసి పక్కన పెట్టింది.

"పొద్దున అయిదుకంతా లైటేస్తాడు, ఆయప్ప లేసే టయానికి. మద్యానం రెండుకు రేడియో."

"భయం వెయ్యదా అమ్మా?"

"మొగుణ్ణి సూసి భయమేంది! అన్నం తిన్యావా అని మాత్రం అడగడు. అప్పుడు గూడా అడగలే, నేర్సుకున్యది బాగానే నేర్సుకున్యాది." ఆమె చేతులు దులుపుకుంది. "నువ్వేం రాసుకుంటాండావు?"

"ఈ ఊరు మునగడానికి ఒప్పుకుందని."

"ఎవురు ఒప్పుకున్యారు?"

"ఇప్పటికి నలభై ఇళ్లు. మీదీ కలిపితే నలభై ఒకటి."

మద్దిలేటమ్మ వీధి పొడుగునా ఒకసారి చూసింది. "నేను ఒప్పుకోను. బాయిలో నీళ్లుండాయి. మేకలుండాయి. పట్నంలో మూడో అంతస్తు ఇంట్లో మేకల్ని యాడ కట్టేసేది? నా ఊరిడిసి ఇంకేడన్నా నీళ్లు నింపుకోమను. రాయి."

వకుళ పక్కకు వెళ్లి ప్రాంతీయ కార్యాలయానికి ఫోను కలిపింది. పై అధికారి ఫణీంద్ర వెంటనే ఎత్తాడు.

"నలభై ఒకటిలో మనిషి ఉన్నారు సార్."

"మనిషంటే?"

"మనిషంటే మనిషే. చింతపండు ఒలుస్తోంది."

"కనెక్షను ఎవరి పేరు?"

"సుంకన్నగారిది. ఆయన పోయారు."

"గొంతు ఉందిగా?"

"ఉంది."

"అయితే మనకు ఆయన ఉన్నట్టే. ఆవిడను సందర్శకురాలని రాసి ముందుకు కదలండి. తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క ప్రత్యక్షం లేకుండా లాక్కొచ్చారు, ఇప్పుడెందుకండీ కొత్త అలవాట్లు!" ఆయన నవ్వాడు.

పెట్టెలు చెప్పేదంతా నమోదులో అనుమితి, అంటే పాత వాడకాన్ని బట్టి కట్టిన ఊహ. మనిషి నోటినుంచి మనిషి చెవి విన్నది ప్రత్యక్షం. ఒక ఇంట ప్రత్యక్షం నమోదైతే ఆ ఇంటి అనుమితి రద్దవుతుంది. దాని మీద ఆనుకున్న ప్రతి అనుమితినీ, పక్క ఊళ్లవైనా సరే, మళ్లీ అడిగి తీరాలి. ఈ వ్యవస్థను కట్టిన తొలితరం ఇంజనీర్లు ఈ నియమాన్ని అందులో పెట్టి వెళ్లారు. భౌతికశాస్త్రం చదివిన ఎవరైనా అలాగే పెడతారు. కొలవనిదాన్ని ఊహించడం తప్పు కాదు. ఊహించామన్న సంగతి మరచిపోవడమే తప్పు. ఆ నియమాన్ని తీసివేయాలని తర్వాతివాళ్లకు తోచలేదు, అవసరమూ పడలేదు.

వకుళ అరుగు దగ్గరకు తిరిగి వచ్చింది. ముందు ఒక మాట చెప్పడం తన బాధ్యత అనిపించింది.

"మీ మాట రాస్తానమ్మా. అయితే రాసిన తర్వాత ఈ పెట్టెలో ఆయన గొంతు ఉండదు. మళ్లీ రాదు."

మద్దిలేటమ్మ చేతిలోని చింతపండు అక్కడే ఆగింది.

"పొద్దున లైటు?"

"మీరే వేసుకోవాలి."

"రేడియో గూడానా?"

"అదీ మీరే."

ఆమె తల వంచుకుని ఒక్కొక్క గింజా మళ్లీ తీయసాగింది. ఎదుటి ఇంట్లో ఫ్యాను కిర్రుమంటోంది. వకుళ తొందరపెట్టలేదు. సందర్శకురాలు అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. ముసలామె రాయొద్దంటే ఆ గడి నింపి వెళ్లిపోవచ్చు; ఎవరూ అడగరు. వానాకాలంలో మాత్రం నీళ్లు వస్తాయి.

సరిగ్గా పదకొండింటికి పెట్టె తనంతట తానే మాట్లాడింది. "ఏమే, మజ్జిగుండాదా?"

రోజూ ఆ వేళకు అడిగే మాటే అయి ఉండాలి. మద్దిలేటమ్మ ఉలిక్కిపడలేదు. పెట్టె వైపు తిరిగి, దానికి వినబడాలన్నట్టు కొంచెం గట్టిగా చెప్పింది.

"ఉండాది. తాగి పో."

తర్వాత వకుళ వైపు చూసింది. "రాయి పాపా."

వకుళ రాసింది. నలభై ఒకటి. ప్రత్యక్షం. మద్దిలేటమ్మ. అసమ్మతం. 'విన్నాను' మీద వేలు ఆనించింది.

పెట్టెలోని పచ్చదీపం ఆరిపోయింది. ఇంట్లో ఫ్యాను రెక్కలు నెమ్మదించి, ఒక్కొక్కటీ విడిగా కనబడి, నిలిచిపోయాయి. ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

పక్కనే నలభయ్యో ఇంటి పెట్టె పలికింది. అరగంట క్రితం సమ్మతించిన ఆడగొంతే. ఇప్పుడు అందులో యాస లేదు, ఊపు లేదు.

"ఈ ఇంట్లో మనిషి ఉన్నారా?"

నలభై రెండు అడిగింది. తర్వాత ఎదుటి వరస. తర్వాత ముప్పై ఎనిమిదిలో దగ్గిన మగవాడు. ఒక ఇంట్లో పదేళ్ల పిల్ల గొంతు. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లీడు వచ్చి ఉంటుంది. అరవైమూడు ఇళ్లు, ఒకదాని మాట మీద ఒకటి పడకుండా, వంతులవారీగా, మర్యాదగా అడుగుతున్నాయి. ఉన్నారా. ఉన్నారా. జవాబు రాకపోతే కొంతసేపు ఆగి మళ్లీ మొదటినుంచి.

ఫోను మోగింది. "ఏం చేశారండీ? ఊరు మొత్తం అనుమితి పడిపోయింది," అన్నాడు ఫణీంద్ర. ఈసారి నవ్వు లేదు. "దాని మీద ఆనుకుని పదమూడు ఊళ్ల అనుమితులున్నాయి. సందర్శకురాలని దిద్దెయ్యండి. దిద్దడానికి అయిదు నిమిషాల గడువుంది."

"విన్నాను సార్."

"నా మాటా?"

"ఆమె మాట. విననట్టు రాయడం నాకు చేతకాదు."

ఆమె ఫోను పెట్టేసేసరికి మద్దిలేటమ్మ అరుగు దిగింది. "అన్నిసార్లు అడుగుతాంటే ఉలకకుండా పలకకుండా కూసుంటే ఎట్ల?" అని గొణుక్కుంటూ పక్కింటి ముందు నిలబడింది.

"ఈరమ్మా, నువ్వు ల్యావు. పోయినావు. ఆదోనిలో, ఆస్పత్రిలో. రెండేండ్లాయ."

ఆ ఇంటి దీపం ఆరింది. వకుళ ఆమె వెనకే వచ్చి నిలబడింది. ప్రత్యక్షం: లేరు. విన్నాను.

"మీరంతా ఎమ్మిగనూర్లో ఉండారు. బాగుండారంట. ఈడ ల్యారు." నలభై రెండో ఇల్లు నిశ్శబ్దమైంది. "నువ్వు కర్నూల్లో ఆటో తోల్తాండావు. దగ్గు తగ్గలేదంట, మానుకో ఆ సుట్ట." ముప్పై ఎనిమిది. చిన్నపిల్ల గొంతు వినబడిన ఇంటి ముందు ఆమె అరుగు మీది దుమ్మును కొంగుతో తుడిచింది. "నువ్వు యాడుండావో నాకు తెల్దు తల్లీ. ఈడైతే ల్యావు."

ఒక్కొక్క ఇల్లూ ఆరుతూ వచ్చింది. వీధికి గాలి చప్పుడు తిరిగి వచ్చింది, ఎక్కడో మేక అరిచింది. వాడేవాళ్లు లేని వెలుగును పట్టడం మానేసి, గుట్ట మీది పలకలు వరసలు వరసలుగా ఎండవైపునుంచి ముఖాలు తిప్పుకుంటున్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అవి నల్లబడుతుంటే వకుళ తలెత్తి చూసింది. ఫోను మళ్లీ మోగుతోంది. ఆమె తీయలేదు.

ఆఖరి ఇంటి ముందు మద్దిలేటమ్మ చెప్పవలసింది చెప్పి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. ఊరు పూర్తిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గుట్ట అవతలినుంచి ఏదో వినిపించింది. సన్నగా, చాలా గొంతులు, ఒకదాని తర్వాత ఒకటి.

"అదేంది పాపా?"

"రాగులబండ," అంది వకుళ.

ఆ పదమూడు ఊళ్లలో ఒకటి. నూటపన్నెండు ఇళ్లు. పోయిన మంగళవారం వాటన్నిటినీ తనే విని వచ్చింది. ఏ అరుగు మీదా ఎవరూ కూర్చుని లేరు.

ఇళ్లు అడుగుతూనే ఉన్నాయి.