సరివి తోటలో ఇనప ట్యాంకీ

నమ్మవని తెలుసు. నమ్మకు. కానీ అంత దమ్ముంటే, పక్క ఊరే కదా, చీకటి పడ్డాక కళింగపట్నం రా. సరివి తోటలో ఇనప ట్యాంకీ పక్కనుంచి ఒక్కడివే నడిచి సూపించు. తరవాత మాటాడదాం.

ఆ ట్యాంకీ ఏ ఓడదో ఎవడికీ తెలీదు. పెద్ద తుపానప్పుడు సముద్రం ఒడ్డుకి విసిరీసి ఎల్లిపోయింది. ఒక గదంత ఉంటాది, సగం ఇసకలో కూరుకుపోయుంటాది. దారి వైపంతా గోడలాగ ఇనుమే. సముద్రం వైపు మాత్రం మనిషి దూరేంత కన్నం.

పగలు దాని నీడలో మేకలు పడుకుంటాయి. చీకటి పడితే... కుక్కలు కూడా అటు పోవు.

ఎందుకంటే లోపలినుంచి ఎవరో కొడతారు.

టక్... టక్... టక్.

ఎండుచేపలమ్మే తవిటమ్మ ఈమధ్యే ఒకరోజు సముద్రం ఒడ్డమ్మట వస్తా తట్ట అక్కడే పడీసి పరిగెట్టుకొచ్చీసింది. కన్నంలో ఎర్ర కన్ను సూసిందంట. ఒక్కటే కన్ను — ఎలుగుతాది, ఆరుతాది, మళ్ళీ ఎలుగుతాది. తెల్లారి ఎల్తే తట్టలో నెత్తళ్ళు నెత్తళ్ళలాగే ఉన్నాయి. "నీ చేపలు దెయ్యం కూడా తినదే" అని ఊరంతా ఏడిపించింది. ఏడిపించిన ప్రతివాడూ ఆ రోజునుంచి దారి మార్చీసాడు.

ఇప్పుడు మా తాత అసిరయ్య సంగతి.

తాత ముప్పైరెండేళ్ళు సరుకు ఓడల్లో తిరిగాడు. ఆఖరికి సారంగు అయ్యాడు. సారంగంటే డెక్కు మీద పనోళ్ళందరికీ మేస్త్రీ అన్నమాట. ఇప్పుడు సాయంత్రమైతే లైట్‌హౌస్ గోడ దగ్గర కూకుంటాడు. పక్కన ఇద్దరు — ఓడలో వంట చేసిన లక్ష్ముడు, ఇంజన్ గదిలో నూనె పోసిన హరిబాబు. ముగ్గురూ రోజూ అవే ఓడలెక్కుతారు, అవే రేవుల్లో దిగుతారు.

"బ్రెజిల్ పోయినప్పుడు ఓడ ఊగింది సూడు... నా సాంబారు గిన్నెలోంచి లేసి గోడకి అంటుకుపోనాది," అంటాడు లక్ష్ముడు.

"గోడ తాగీసింది కాబట్టి మేం బతికినాం," అంటాడు హరిబాబు.

"ఒరే, ఆ గోడ పెయింటు ఊడిపోతే మళ్ళీ ఏసింది నేను," అంటాడు తాత.

నవ్వుతారు నవ్వుతారు... ఎవడో ఒకడి నోట ధనరాజ్ పేరొస్తాది — ఆళ్ళతోపాటు ఓడలో చేసిన మా ఊరోడే. అంతే. ముగ్గురూ సముద్రం వైపు సూస్తారు.

ఓడ కడుపులో పెద్ద పెద్ద నీళ్ళ ట్యాంకీలుంటాయి. వాటిలోకి మనుషులు దిగి తుప్పు గోకుతారు. పనయ్యాక మూత మూసేముందు సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. లోపల ఎవడన్నా ఉండిపోతే తిరిగి మూడు కొడతాడు. చప్పుడు రాకపోతేనే మూత ఏసి బోల్టులు బిగించాలి. అదీ రూలు.

పదకొండేళ్ళ కిందట డర్బన్ రేవు బయట ఓడ ఆగుంది. వానొచ్చీలాగుంది. తాత తొందరలో కొట్టలేదు. మూసీసాడు.

లోపల ధనరాజ్ ఉన్నాడు.

టీ ఇచ్చినప్పుడు లక్ష్ముడి దగ్గర ఒక కప్పు మిగిలిపోయింది. "తాగనోడెవడ్రా?" అని అరిచాడు. ఆ కప్పు సూసి తాత పరిగెట్టాడు... అప్పటికే నలభై నిమిషాలు. బోల్టులిప్పి పైకి లాగితే ధనరాజ్ మొహం సున్నం కొట్టినట్టుంది. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాటే లేదు. దేశం వచ్చాక కూడా లేదు. ఒకటే ఊరు, ఒకటే రేషన్ షాపు, పదకొండేళ్ళు — ఒక్క మాట లేదు.

పోయిన నెల ధనరాజ్ గుండెకి స్టెంటేసారు. అది విన్న కాడ్నించీ మా తాతకి అన్నం దిగట్లేదు.

"ఆడు పోయినా, నేను పోయినా ఈ మాట లోపలే ఉండిపోతాది," అన్నాడు నానమ్మతో. "తప్పు నాదేనని ఒక్కసారి సెప్పీసుకోవాల."

ఎల్లాడు. ధనరాజ్ భార్య అనిత గుమ్మంలో నిలబడి, "ఇంట్లో లేడన్నయ్యా. డాక్టరు నడవమన్నాడు. నడకకెల్లాడు," అంది.

రెండో రోజు కూడా నడకే. మూడో రోజు కూడా నడకే.

తనని సూసి పెరటి గుమ్మంలోంచి ఎల్లిపోతన్నాడనుకున్నాడు తాత. ఇంక ఈ జన్మకి అంతేననుకున్నాడు. ఆవేళ అమావాస్య, పైగా కరెంటు పోయింది. తల దించుకుని నడస్తా నడస్తా... ఏ దారిలో ఎల్తన్నాడో సూసుకోలేదు.

కాళ్ళకింద సరివి ఆకు మెత్తగా తగిలింది.

తలెత్తితే — ఎదురుగా నల్లగా ట్యాంకీ.

సరివి చెట్లు ఉస్స్... అంటన్నాయి. అప్పుడు వినబడింది.

టక్... టక్... టక్.

ఇంకెవడైనా అయితే పంచె కూడా వదిలీసి పారిపోయేవోడు. తాత కాళ్ళు కూడా అదే అన్నాయి. కానీ ఇనుములోంచి మూడు దెబ్బలు వినబడితే ఓడ మనిషి ఎలా పోగలడు? ఒకసారి పోయినందుకే కదా పదకొండేళ్ళు...

వంగాడు. ఇసకలో చెయ్యి పెట్టి రాయి ఏరుకున్నాడు. ట్యాంకీ మీద కొట్టాడు.

ఒకటి. రెండు. మూడు.

కెరటం ఒకటి విరిగింది. ఇంకోటి విరిగింది.

లోపలినుంచి — టక్. టక్. టక్.

ఊళ్ళో ఈ లెక్క తెలిసింది నలుగురికే. ఇద్దరు లైట్‌హౌస్ దగ్గరున్నారు. ఒకడు తను. ఇంక మిగిలింది...

"ధనరాజ్..." అన్నాడు తాత. "పోనావేట్రా?"

ఇనుము వెనకనుంచి, గుసగుసగా —

"మూసీకు... లోపల మనిసున్నాడు..."

తాత ఇసకలో కూలబడిపోయాడు. రెండు చేతులూ ట్యాంకీకి ఆనించీసాడు.

"మూయన్రా. మూయను. ఆవేల తప్పు నాదే. కొట్టకుండా మూసీసినాను. సెప్పుకుందామని మూడు రోజులు మీ ఇంటికొచ్చినాను, ఈలోపే ఎల్లిపోనావా... దెయ్యానివై వచ్చినావు కదా, నన్నట్టుకుపోరా..."

లోపల ఏదో కదిలింది.

తరవాత దెయ్యం దగ్గింది.

మామూలు దగ్గు కాదు, ముసలి దగ్గు. దగ్గి, ఉమ్మీసి, "ఎవడ్రా దెయ్యం?" అంది. "పూటకి నాలుగు మాత్రలు మింగతన్నాను. దెయ్యాలు మింగుతాయేట్రా?"

తాత పాక్కుంటా సముద్రం వైపు ఎల్లాడు. కన్నంలో తల పెట్టాడు. చీకటి కళ్ళకి అలవాటయ్యాక సూస్తే, లోపల బోర్లించిన బకెట్టు మీద లుంగీ పైకి ఎగ్గట్టుకుని ధనరాజ్ కూకున్నాడు. ఒక చేతిలో రాయి. ఇంకో చేతిలో బీడీ. అదీ ఆ ఎర్ర కన్ను.

"ఓరి నీ..."

"మెల్లగా! అనితకి తెలిస్తే నిజంగానే దెయ్యాన్నైపోతాను."

డాక్టరు బీడీ మానీమన్నాడు. ధనరాజ్ మానడు. అడుగుల చప్పుడైతే రాయితో కొడతాడు, వచ్చినోడు పారిపోతాడు. అదంట నడక!

"మరి నేను కొడితే మూడుకి మూడు ఎందుకు కొట్టినావు?" అన్నాడు తాత.

"కొట్టకూడదనే అనుకున్నాను. సెయ్యి ఊరుకోలేదు."

"ట్యాంకీ అంటే బయం లేదా నీకు?"

"దీనికి మూత లేదు కదరా, సారంగూ."

పదకొండేళ్ళ తరవాత ఆ పిలుపు. తాత మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు. ధనరాజ్ కూడా అటు తిరిగి బీడీ ఇసకలో పొడిచీసాడు.

తరవాత ఏం మాటాడుకున్నారో తాత సెప్పలేదు. రాజీ మాత్రం సెప్పాడు — రోజుకి ఒక్కటే బీడీ, అదీ సగం. మిగతా సగం లాక్కుని పడీసే పని తాతది. ధనరాజ్ లోపల, తాత కన్నం దగ్గర. ట్యాంకీలో మనిషుంటే బయట ఒకడు కాపలా ఉండాలి, అది కూడా ఓడ రూలే. ఇప్పుడు తవిటమ్మ ఊరంతా సెప్తన్నాది, దెయ్యాలు రెండయ్యాయి, బ్రెజిల్ అంటన్నాయి, పడీ పడీ నవ్వుతన్నాయి అని.

ఒరే ఇది గ్రూపులో పెట్టావో సంపీస్తాను. అనితమ్మమ్మకి తెలిసిందంటే ఇద్దరికీ —

ఉండు. నానమ్మ పిలుస్తన్నాది. పక్కన అనితమ్మమ్మ ఉన్నాది, చేతిలో పెద్ద టార్చి. ఆ దెయ్యాలేటో సూసొద్దాం తోడు రారా అంటన్నారు.

సచ్చాం. తాత ఫోను ఇక్కడే ఛార్జింగులో ఉన్నాది, నువ్వు సైకిలేసుకుని తొరగా ఎల్లి ఆళ్ళకి సె