కాన్సిల్ కొట్టిన ప్రశ్న

సీడీ డ్రైవ్ మాయమైంది.

బటన్ నొక్కితే ట్రే బయటికొస్తోంది. డిస్క్ పెడితే మింగుతోంది. పచ్చ లైటు కూడా వెలుగుతోంది. కంప్యూటర్ మాత్రం అలాంటి డ్రైవ్ నా ఒంట్లోనే లేదు పొమ్మంటోంది.

సాయంత్రం ఐదున్నర. మర్నాడు ఉదయం పదిన్నరకు ఎంక్వయిరీ.

హెడ్డత్త చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. ఆ పేరు తమ్ముడి పిల్లలు పెట్టింది. కంప్యూటర్ల గురించి ఆమెకు తెలిసింది సున్నా. అబద్ధాల గురించి తెలియనిది లేదు.

తమ్ముడు కుర్చీలో ఉన్నాడు. ఫ్యాక్టరీలో ప్రెస్ ఆపరేటర్. రేకులు వంచే ఆ ప్రెస్ అతని కుడి చేతిని మణికట్టు దాకా తినేసింది. ఫ్యాక్టరీలో చెయ్యి తెగితే పైవాళ్ళు ముందు వెతికేది తెగిన చేతిని కాదు. తప్పు ఎవరి నెత్తిన రుద్దాలా అని వెతుకుతారు. వెతకడం అయిపోయింది. మెషిన్ ముందుండే ఇనుప గార్డును అతనే విప్పేశాడని రాశారు. కెమెరా రికార్డింగే సాక్ష్యమట. దాని కాపీ డిస్క్‌లో వేసి ఇచ్చారు. చూసుకుని రేపు వచ్చి చెప్పుకోమన్నారు.

అతనికి ఆ పూట జరిగింది ఒక్క ముక్క గుర్తు లేదు.

"గార్డు నేనే తీశానేమో అక్కా," అన్నాడు. "తీసుంటే ఒప్పుకుంటా. కానీ చూడాలి కదా. ఈ దరిద్రపు పెట్టె చూపించట్లేదు."

"నెట్ సెంటర్లో చూపిస్తానన్నా అత్తా," అన్నాడు కొడుకు. "వినడే."

"నా చెయ్యి తెగడం నలుగురికీ సినిమా వేసి చూపిస్తావా?"

హెడ్డత్త స్టూలు లాక్కుని కూర్చుంది. హాల్లోంచి ఎవరినీ కదలొద్దంది. ముందు కొడుకు.

"ఈ డ్రైవ్ ఆఖరున ఎప్పుడు వాడారు?"

"దాన్నెవరు వాడతారు? అంతా ఫోన్లోనే. ఏళ్ళయింది."

"నీకు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారట కదా. మీ నాన్న నోరు మూసుకుంటే."

కొడుకు ముఖం మాడింది. "అన్నారు. నేను ఒప్పుకోలేదు."

"కాదన్నావా?"

తండ్రి కొడుకు వైపు చూశాడు. ఆ చూపు లాఠీ దెబ్బకంటే గట్టిగా తగిలింది.

తర్వాత మరదలు.

"నేను దాన్ని ముట్టుకుంటే ఒట్టు వదినా. దుమ్ము దులిపి కవరు కప్పడం వరకే." కర్టెన్ గుడ్డ మిగిలితే కంప్యూటర్‌కు ఆవిడే కవర్లు కుట్టింది. కుచ్చులు పెట్టి మరీ. "పోయిన ఆదివారం మా చెల్లెలింటికి వెళ్ళొచ్చేసరికి డబ్బా కవరు తిరగేసి ఉంది. కుట్లు పైకి. వీణ్ణి చెడామడా తిట్టాను."

"నేను కాదని అప్పుడే మొత్తుకున్నా," అన్నాడు కొడుకు.

"ఎవరూ కాకపోతే కవరుకు కాళ్ళొచ్చాయా?"

హెడ్డత్త సీపీయూ డబ్బాను ముందుకు జరిపింది. వెనక వేలి మందాన దుమ్ము. పక్క మూత దగ్గర మాత్రం దుమ్ము లేదు. స్క్రూల తలల మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి.

"ఎవరో విప్పారు," అంది.

"ఈ డ్రైవ్‌లు ఇంతే పెద్దమ్మగారూ." తమ్ముడి ఇల్లరికపు అల్లుడు గోడకు ఆనుకుని అన్నాడు. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు, కెమెరాలు చూసుకునేది అతనే. "లెన్సు పోయుంటుంది. పాతది. పారేసి కొత్తది వేయించాలి."

హెడ్డత్త అతని వంక చూసింది. తనింకా అతన్ని ఏమీ అడగలేదు.

కూతురి వంతు వచ్చింది. అల్లుడి భార్య. రోజూ ఈ కంప్యూటర్ మీదే టైపింగ్ పని చేసుకుంటుంది.

"నీ పని సాగుతోందా అమ్మా?"

"సాగుతోందత్తా. పొద్దున ఆన్ చెయ్యగానే ఏదో అడుగుతుంది. కాన్సిల్ కొట్టి నా పని చేసుకుంటా."

"ఏమడుగుతుంది?"

"ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యనా అని."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"ఎవరికీ చెప్పలేదేం?"

"కంప్యూటర్ అడిగేవాటికి ఎవరు జవాబిస్తారత్తా? లోకమంతా కాన్సిలే కొడుతుంది."

కొడుకు ఎగిరి లేచాడు. "ఇంకేం, దొరికింది. డ్రైవే అడుగుతోంది. ఓకే కొడితే సరి."

"ఫార్మాట్ అంటే ఏంట్రా?"

"లోపలున్నదంతా తుడిచేస్తుందత్తా. శుభ్రంగా."

"మంచిదేగా. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి."

స్క్రీన్ నల్లబడి తెల్లబడింది. ఈలోగా హెడ్డత్త డబ్బా వెనక్కి వంగి ఏదో వెతికింది. నడుం పట్టుకుని మూలుగుతూ లేచింది. స్క్రీన్ మీద ఆ ప్రశ్న వచ్చి నిలబడింది.

"కొట్టరా ఓకే."

కొడుకు చెయ్యి మౌస్ మీద పడింది. మరుక్షణం దాని మీద ఇంకో చెయ్యి పడింది. అల్లుడిది.

"వద్దు. కొట్టకు."

కొడుకు వెనక్కి తిరిగి బావను చూశాడు.

"ఎందుకు నాయనా?" హెడ్డత్త గొంతు మెత్తగా ఉంది. స్టేషన్లో ఆ మెత్తదనం విన్నవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. "పాతదేగా. పారెయ్యమన్నది నువ్వేగా. తుడిస్తే ఏం పోతుంది?"

అల్లుడు మౌస్ వదల్లేదు.

"కంగారుపడకు. కొట్టినా పనిచెయ్యదు." ఆమె పిడికిలి విప్పింది. అందులో డబ్బా నుంచి పీకిన మౌస్ వైరు కొస ఉంది.

"నాకు కంప్యూటర్ తెలీదు," అంది. "వంటమనిషి ఇంట్లో పొయ్యి వెలగకపోతే ముందు వంగి చూసేది ఆ వంటమనిషే. ఊళ్ళో కంప్యూటర్లన్నీ బాగుచేసేవాడివి, ఇంట్లోది చెడితే నువ్వు వంగి కూడా చూడలేదు. అడక్కముందే రోగం పేరు చెప్పావు. కవరు తిరగబడింది ఆదివారం. ప్రశ్న మొదలైంది సోమవారం. ఆ ప్రశ్న దేని గురించో తెలిసినవాడే ఇందాక చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక విప్పు."

అల్లుడు కరెంటు తీసి, స్క్రూలు విప్పి మూత జరిపాడు. డ్రైవ్‌కు కరెంటు వైరు ఉంది. అందుకే లైటు వెలిగింది, ట్రే ఆడింది. సమాచారం మోసే వైరు మాత్రం దానికి లేదు. అది కిందికి దిగి, అడుగున రబ్బరు బ్యాండ్లతో కట్టిన ఇంకో హార్డ్ డిస్క్‌కు తగిలించి ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"ఫ్యాక్టరీ కెమెరాలది. దీని భాష కంప్యూటర్‌కు తెలీదు, అందుకే ఫార్మాట్ అడుగుతోంది," అన్నాడు అల్లుడు నేల చూస్తూ. "కొత్తది బిగించి దీన్ని నాశనం చెయ్యమన్నారు. చేశానని చెప్పి ఇంటికి తెచ్చా. ఇందులో తగిలించి అసలు జరిగిందేంటో చూశాను. మీకిచ్చిన డిస్క్ మధ్యలోంచి, గార్డు తీసేశాక మొదలవుతుంది."

"తెచ్చినవాడివి చెప్పలేదేం?"

"పై పోస్టు ఇస్తామన్నారు. చెబితే ఉన్నదీ పోతుంది. కంప్యూటర్ సొంత డిస్క్ పోను ఇందులో ఇంకొక్క వైరుకే చోటుంది. ఇంట్లో ఎవరూ డ్రైవ్ వాడరు కదా, దానిది తీశా. రికార్డింగ్ ఫోనుకు పంపుతారనుకున్నా. డిస్క్‌లో వేసిస్తారనుకోలేదు."

కూతురు మొగుడి వైపే చూస్తోంది. "నేను రోజూ కాన్సిల్ కొడుతూనే ఉన్నా. ఒకరోజు వేలు జారి ఓకే కొట్టుంటే?"

అతను విప్పిన స్క్రూలు ఏరి మూతలో వేశాడు.

"కొడితే బావుండునని కూడా అనిపించింది," అన్నాడు చివరికి. "అప్పుడు నేను చేసినట్టు కాదు కదా."

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"గోడ మీద పిల్లివి," అంది హెడ్డత్త. "ఇక ఒక పక్కకి దూకక తప్పదు. రేపు పదిన్నరకు మాతో వచ్చి ఇది ఎక్కడిదో నీ నోటితో చెబుతావు. ఉద్యోగం పోతుంది. మా వాడికి చెయ్యే పోయింది. ఇప్పుడు చూపించు."

ఆ డిస్క్‌ను చదివే సాఫ్ట్‌వేర్ అతని బ్యాగులోనే పెన్ డ్రైవ్‌లో ఉంది. మళ్ళీ కరెంటు ఇచ్చి, మౌస్ వైరు తగిలించి, అది ఎక్కించి రికార్డింగ్ తెరిచాడు.

మాటలు లేని బొమ్మ. ప్రెస్ దగ్గర మెకానిక్ గార్డు విప్పుతున్నాడు. పక్కన నడుం మీద చేతులతో సూపర్‌వైజర్. మెకానిక్ గార్డు మోసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత తమ్ముడు వచ్చాడు. ఆగాడు. ఖాళీగా ఉన్న చోటును చేత్తో చూపించాడు. సూపర్‌వైజర్ వాచీ చూసుకుని, కానివ్వు అన్నట్టు చెయ్యి విసిరాడు. తమ్ముడు కదల్లేదు. మళ్ళీ చూపించాడు. సూపర్‌వైజర్ ఈసారి చూడను కూడా లేదు.

"అక్కడ ఆపు," అన్నాడు తమ్ముడు.

బొమ్మ ఆగింది. స్క్రీన్ మీద అతని కుడి చెయ్యి అయిదు వేళ్ళతో చాచి ఉంది.

"అడిగాను," అన్నాడు. "రెండుసార్లు అడిగానక్కా. నా ప్రశ్నకూ కాన్సిలే కొట్టారు."