వియ్యంకుల పడవ ప్రయాణం

ఆ పొద్దున పడవలోని బుల్లి వంటగదిలో అలేఖ్య ఉప్మాకు పోపు వేస్తోంది. కిటికీ బయట ఫ్రాన్స్ పల్లెలు తాపీగా వెనక్కి పోతున్నాయి. గట్టు మీద సైకిల్ తొక్కే ముసలమ్మ కూడా వీళ్ళను దాటేసి వెళ్ళింది. ఇంత నెమ్మదైన ప్రయాణం అలేఖ్య ఎరగదు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

ఆ హాయి లేనిది ఇద్దరు పెద్దమనుషులకే. పడవ ముందు కొసన మామగారు జానయ్య, వెనక కొసన నాన్న బాపిరాజు. తెలంగాణ ఇస్తారో ఇవ్వరో తేలని 2013 ఎండాకాలమది. అంతకుముందు ఒక బంద్ రోజున, ఎల్బీనగర్ ఇంట్లో మాటకు మాట పెరిగింది. "మేమొచ్చాకే ఈ ఊరు బాగుపడింది" అన్నాడు నాన్న. "అయితె మీ ఊరికే పోరాదుండ్రి" అన్నాడు మామగారు. అంతే, మాటలు బంద్. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న బాపిరాజు పౌరుషానికి పోయి, చైతన్యపురి ఫ్లాటు అమ్మకానికి పెట్టేశాడు. ఈ ప్రయాణం అవగానే సొంతూరు భీమవరం వెళ్ళిపోతాడట.

నాన్నను ఆపాలనే అలేఖ్య, భర్త అభిలాష్ కలిసి ఇద్దరినీ ఈ పడవెక్కించారు. విమానమంటే హడలెత్తే అత్తగారు ఇంట్లోనే ఉండిపోయింది. ఎక్కించి ఏం లాభం? ఉప్పు డబ్బా కావాలన్నా అలేఖ్య చేతే కబురు.

పడవ కాలువ మీది లాకులోకి, అంటే నీళ్ళను ఎక్కించి దించే తలుపుల గదిలోకి, చేరింది. తలుపులు మూసుకున్నాయి. ఇక నీళ్ళు దిగుతుంటే పడవా దిగాలి. జన్మంతా లారీ మీద సరుకు కట్టిన చేత్తో జానయ్య గట్టు మీది ఇనుప గుంజకు తాడు బిగించి, ముడి మీద ముడి వేశాడు.

గోదావరి కాలువ లాకుల దగ్గర పెరిగిన బాపిరాజు అది చూశాడు.

"అమ్మాయ్, తాడు కట్టకూడదు, వదులుగా పట్టుకోవాలని మీ మామగారికి చెప్పు."

పోపు చిటపటల్లో అలేఖ్యకు అది వినపడలేదు.

నీళ్ళు దిగాయి. పడవ వెనక భాగం దిగింది. ముందు భాగం మాత్రం తాడుకు వేలాడింది. గిన్నెలన్నీ జారిపోయాయి. అభిలాష్ చుక్కాని చక్రాన్ని కావలించుకున్నాడు.

"బావగారూ, తాడు వదలండి" అరిచాడు బాపిరాజు.

"ముడి బిగుసుకున్నది బావా, ఊడుతలేదు."

బాపిరాజు వంటగదిలోకి చెయ్యి చాచి కత్తి అందుకుని, పైకి పాకి తాడు కోశాడు. పడవ దబ్బున నీళ్ళ మీద పడింది. వియ్యంకులిద్దరూ నిలువునా తడిసి, ఒకరి మీద ఒకరు కూలబడ్డారు.

"జర ముందుగాల చెప్పొద్దా బావా?"

"చెప్పానండీ, అమ్మాయితో."

"నేనేమన్న వేరే ఊర్ల ఉన్ననా? గీడనే ఉన్న గదా."

"మనకి మాటల్లేవు కదండీ."

జానయ్యకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి బాపిరాజూ పగలబడి నవ్వాడు. లాకు కాపలాదారు గట్టు మీద తెల్లబోయి నిలబడ్డాడు.

నవ్వు తగ్గాక జానయ్య మొహం తుడుచుకున్నాడు. "రాష్ట్రం మాకు గావాలె. గది ఇడిసేది లేదు. కానీ నువ్వు పోవుడు నాకొద్దు బావా. కోపంల నోరు జారిన."

"నేనన్నదీ తప్పేనండీ." అన్నాడు బాపిరాజు. "నాకూ ఉండాలనే ఉంది. ఉండమనేవాళ్ళే లేరనుకున్నాను."

"నేనంటున్న గదా."

బాపిరాజు అక్కడే కూర్చుని, అల్లుడి ఫోన్ అడిగి తీసుకుని బ్రోకరు పట్టాభికి ఫోన్ చేశాడు.

"ఫ్లాటు అమ్మటం లేదండీ. కారణమా? మా బావగారు వెళ్ళనివ్వటం లేదు."

కింద ఒలికిన ఉప్మా ఎత్తుతున్న అలేఖ్య అక్కడే చతికిలబడి హాయిగా ఏడ్చేసింది.