ఒకటి కొడితే వేసుకున్నట్టే

పొద్దున ఎనిమిదయ్యేసరికి కుట్టుమిషను మీద ఫోను గుర్రుమంది. "మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే 1, లేకపోతే 2 పంపండి." క్షయ ఉన్నవాళ్ళందరికీ ఆసుపత్రి రోజూ పంపే మెసేజీ.

దర్జీకి ఇది కొత్త కాదు. నిరుడు అమ్మ కోసం ఇదే ఫోనుకు వచ్చేది. అమ్మకు అక్షరం ముక్క రాదు. కూతురు మిషను తొక్కుతూనే, వెనక్కి తిరిగి చూడకుండా, టక్కున 1 కొట్టేసేది. 2 కొడితే నర్సమ్మ ఇంటికొచ్చి గంటసేపు చెవిలో జోరీగలా పోరుతుంది మరి! "వేసుకున్నావా అమ్మా?" అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

అమ్మ పోయాక తలగడ విప్పితే దూది నిండా మాత్రలు! తలగడను కాల్చేశారు. దగ్గు కూతురికి మిగిలింది.

ఇప్పుడామె ఒక్కపూట తప్పకుండా మింగుతోంది. మింగి, ఫోను అందుకునేలోపే జవాబు వెళ్ళిపోయి ఉంటోంది.

2.

రెండు నెలల్లో తన జాకెట్లు తానే మూడుసార్లు బిగించుకుంది.

ఓ పొద్దున ఎనిమిది కాకముందే నర్సమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి పరీక్ష కాగితంతో. "ఏం తల్లీ, మీ అమ్మను చూసి కూడా బుద్ధి రాలేదా? పరీక్ష చేస్తే నీ ఒంట్లో మందు జాడే లేదు. మాత్రలు మొక్కలకేస్తున్నావా?"

"ఒట్టక్కా, మింగుతూనే ఉన్నాను."

"అయితే నా కళ్ళముందు మింగు."

మింగింది. గ్లాసెడు నీళ్ళు తాగింది. నోరు తెరిచింది. నర్సమ్మ టార్చి వేసి నాలుక కింద కూడా వెతికింది. ఏమీ లేదు. హమ్మయ్య, ఒక సాక్షి దొరికింది అనుకుంది దర్జీ.

మిషను మీద ఫోను గుర్రుమంది. ఇద్దరూ చూస్తున్నారు. దాని దగ్గర ఎవరి చెయ్యీ లేదు...

2.

దూది కాలిన వాసన. మంచం వైపు నుంచి... సన్నగా.

"అక్కా, నన్ను వదిలి వెళ్ళకు..." అంటూ దర్జీ నర్సమ్మ చెయ్యి పట్టుకుంది.

మంచం మీద ఉన్నది కొత్త తలగడ. పోయిన నెల తనే కుట్టింది, రెండు వరసలు వేసి. తన కుట్టు తనకు తెలియదా? ఒక్క పోగు తెగలేదు. బ్లేడు పెట్టి కోసింది.

దూదిలో మాత్రలు. అన్నీ ఎండిపోయి ఉన్నాయి.

ఒక్కటి తప్ప. అది తడిగా ఉంది. నోట్లోంచి ఇప్పుడే తీసినట్టు... వెచ్చగా ఉంది.